తొట్టిలో పాడిన పాటలు

పోయిన చలికాలంలో ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, మా అత్త సంతోషమ్మ చర్చిలో మైకు పట్టుకుని, నేను నా పాటల్లో అబద్ధాలు పాడానని సంఘం మొత్తానికి చెప్పింది. కోపంగా కూడా చెప్పలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పే గొంతుతో చెప్పింది. సంతోషమ్మ మా నాన్నకు చెల్లెలు. అరకు దాటాక లోపలికి వెళ్ళే రోడ్డులో, కొండవాలున ఉన్న మా ఊళ్ళో మిషను హాస్టల్ ఒకటి ఉండేది. ఆ హాస్టల్ పిల్లలకు వండి పెట్టడంలోనే ఆమె వయసంతా గడిచింది. మైకును అటూ ఇటూ తిప్పి, గిన్నె అడుగు మాడిందేమో చూసినట్టు చూసి, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.

అబద్ధాలు అన్నది నా ఆల్బం గురించి. నా జీవితంలో ఎక్కువ భాగం నేను ఇతరుల పాటలే పాడాను. సినిమా పాటల వెనక కోరస్‌లో, సబ్బుల ప్రకటనల్లో, గుడ్ ఫ్రైడే క్యాసెట్లలో. అరవైకి దగ్గరపడ్డాక, ఇక ఎవరూ పిలవని రోజులు వచ్చాక, విశాఖలో నా ఫ్లాట్‌లో కూర్చుని నా మాటలు నేనే రాసుకుని, నా బాణీలు నేనే కట్టుకుని ఒక పాప్ ఆల్బం చేశాను. దాని పేరు ‘ఒక్కదాన్నే’. అందులో ఒక గిటారు, నా గొంతు, అక్కడక్కడ నా ఊపిరి తప్ప పెద్దగా ఏమీ ఉండదు. చిన్నప్పటి నుంచి నాలో నేను మాట్లాడుకున్నదంతా అందులో పెట్టాను. విన్నవాళ్ళు ఏడ్చామని రాశారు. రేడియోలో ఒక అమ్మాయి, మీకింత ఏకాంతం ఎక్కడిదండీ అని అడిగితే, కొండల నుంచి వచ్చిందమ్మా, మా ఊళ్ళో చిన్నప్పుడు ఒక్కదాన్నే పాడుకునేదాన్ని అని చెప్పాను.  నిజమని నమ్మే చెప్పాను.

ఆ ఆల్బం మా ఊళ్ళో కూడా వినాలని అత్త కబురు పెట్టింది. వెళ్ళేసరికి పాస్టరు ప్రకాశం అన్నీ సిద్ధం చేసి పెట్టాడు. ఫోనును మైకుసెట్టుకు కలిపాడు, వేదికకు అటూ ఇటూ మనిషెత్తు స్పీకర్లు నిలబెట్టాడు. మొదటి పాటలో మాట వచ్చేదాకా గిటారు ఒకే తీగ మీద ఆగి ఆగి మోగుతుంది. జనం మైకుసెట్టు చెడిపోయిందనుకున్నారు. ఒకాయన లేచివెళ్ళి స్పీకరు నెత్తిన గట్టిగా చరిచాడు. ప్రకాశం కళ్ళు మూసుకుని కరెంటు కోసం చిన్న ప్రార్థన చేశాడు. సరిగ్గా అప్పుడే నా గొంతు మొదలైంది, అందరూ ఆమెన్ అన్నారు. నేను గుసగుసగా పాడాను గనక వినపడటంలేదని సౌండు పెంచారు. మాటకూ మాటకూ మధ్య నా ఊపిరి వినిపించాలని స్టూడియోలో కిరణ్ అనే కుర్రాడు ఎంతో శ్రమపడ్డాడు. ఆ ఊపిరి ఇప్పుడు బరువు బండి లాగుతున్న ఎద్దు రొప్పినట్టు చర్చంతా నిండిపోయింది. నా పక్కనున్న ఆవిడ కంగారుగా నా వీపు నిమరడం మొదలుపెట్టింది. వెనక వరసలోంచి భీమయ్య మావ వంగి, ఆయాసం ఎప్పటి నుంచి ఉందని, అడవిలో ఒక వేరు ఉందని, రేపు తవ్వించి ఇస్తానని చెప్పాడు. నాలుగో పాట మధ్యలో ఒక నిశ్శబ్దం ఉంటుంది. పాట అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ మొదలయ్యేసరికి నొచ్చుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

చివరిది ఆల్బం పేరుతో ఉన్న పాట. అది అయ్యాక అత్త లేచింది.

‘ఏటే రూతూ, ఒక్కదాన్నే ఒక్కదాన్నే అని అన్నిమాట్లు పాడినావు. నువ్వెప్పుడున్నావే ఒక్కదానివి?’

ఆమె తరవాత చెప్పిన సంగతి రాయాలంటే, మా ఇల్లు ఎలా ఉండేదో ముందు చెప్పాలి.

మాది హాస్టల్‌ను ఆనుకుని ఉన్న ఒంటిగది ఇల్లు. నాన్న వార్డెను. అందులో నాన్న, అమ్మ, నాయనమ్మ, సంతోషమ్మ అత్త, నేను, నా తమ్ముళ్ళు, జ్వరం వచ్చిన హాస్టల్ పిల్లలు, సంతకు వచ్చి చీకటిపడితే ఆగిపోయిన చుట్టాలు, చలికాలంలో మేకపిల్లలు, అందరం ఉండేవాళ్ళం. ఎవరి కాలు ఎవరిదో తెల్లారితే గాని తేలేది కాదు. ఇంటి నిండా ఎప్పుడూ పొగ, తడి గొంగళ్ళు, పులిసిన అంబలి, కాఫీ పండ్ల తొక్కు కుళ్ళిన తియ్యటి వాసన. ఆ తొక్కు వాసన ఇప్పటికీ నాకు ఆకలి వేయిస్తుంది. నాయనమ్మ ఎప్పుడూ అడ్డపొగ పీలుస్తూ ఉండేది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకునేది. నిప్పు లోపల ఉండగానే కీర్తనలు పాడేది, మమ్మల్ని తిట్టేది, ఒకసారి నిద్ర కూడా పోయింది. కొండదేవతకు కోడిని మొక్కుకుని, ఆ మొక్కు తీరాలని చర్చిలో ప్రార్థన చేయించేది. ఇద్దరికీ చెప్పి ఉంచడం మంచిదనేది. ఒకరి గురించి ఒకరికి తెలియదని ఆమె నమ్మకం.

నాన్నకు తలలు లెక్కపెట్టే అలవాటు. సాయంత్రం హాస్టల్‌లో గంట కొట్టి పిల్లల్ని లెక్కపెట్టేవాడు. ఆ ఊపులో ఇంటికి వచ్చి మమ్మల్ని లెక్కపెట్టేవాడు. చుట్టాల్ని లెక్కపెట్టేవాడు, మేకల్ని లెక్కపెట్టేవాడు. లెక్క తేడా వస్తే భోజనం ఆగిపోయేది. ఒకసారి తనను తాను కలుపుకోవడం మరిచిపోయి, ఒక మనిషి తగ్గాడని ఊరంతా లాంతర్లతో వెతికించాడు. తప్పిపోయింది ఎవరో తెలియకుండానే అందరూ వెతికారు. నాన్న కూడా వెతికాడు. చివరికి అమ్మ కనిపెట్టి చెబితే, దొరికినందుకు ఆయన కోసం స్తోత్ర ప్రార్థన కూడా జరిగింది.

అలాంటి ఇంట్లో, హైస్కూలు మెట్లెక్కే వయసులో, నాకు ఒంటరిగా ఉండాలనిపించింది. కాసేపు ఎవరూ లేనిచోట కూర్చోవాలని ఉందని ఒకనాడు అంబలి తాగుతూ అన్నాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న నా నుదురు పట్టి చూశాడు. నాయనమ్మ నన్ను కొండ మీది గురువు దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆయన బియ్యం చల్లి, చాలాసేపు గొణిగి, దీన్ని ఒంటరిగా వదలకండి అని చెప్పి నల్లతాడు కట్టాడు. నాన్న పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాడు. ఆయన కూడా కళ్ళు తెరిచి అదే మాట చెప్పాడు. రెండు మతాలూ ఒకటే చెప్పేసరికి ఇక తిరుగులేకపోయింది. అప్పటిదాకా నాకు అటొకరూ ఇటొకరూ పడుకునేవారు, ఆ రోజు నుంచి కాళ్ళ దగ్గర కూడా ఒకరిని పడుకోబెట్టారు. కొండ కింద పారే గెడ్డకు స్నానానికి వెళితే వెంట ముగ్గురు వచ్చేవారు. నాకు ఏ ఆలోచనా రాకుండా ఉండాలని వాళ్ళు నాతో ఎడతెగకుండా మాట్లాడేవారు. ఆ వైద్యానికి నేను చిక్కిపోయాను.

తొట్టి నాకు అప్పుడే దొరికింది. మా చర్చిలో వేదిక కింద, చెక్క పలకలతో మూసి, బాప్తిస్మాల కోసం కట్టిన సిమెంటు తొట్టి ఉండేది. మనిషి నడుము లోతు, లోపలికి నాలుగు మెట్లు. బాప్తిస్మం ఉన్నప్పుడు నీళ్ళు నింపేవారు, మిగిలినప్పుడు ఎండిపోయి ఉండేది. ఒక సాయంత్రం చర్చి తుడవడానికి అత్త వెంట వెళ్ళి, ఆమె చీపురు కడగడానికి బయటకు వెళ్ళగానే పలక ఒకటి జరిపి లోపలికి దిగాను. సున్నం, పాత నీళ్ళు, కప్పల వాసన. ఒక్క కూనిరాగం తీస్తే గోడలు నా గొంతును పట్టుకుని, పెద్దది చేసి, నాకే తిరిగి ఇచ్చాయి. అంత అందమైన గొంతు నాదేనని నాకు అప్పుడే తెలిసింది. అత్త నన్ను పిలవలేదు, వెతకలేదు. మరునాడు మళ్ళీ దిగాను. ఎవరూ రాలేదు. ఇన్ని కళ్ళు కప్పి నన్ను ఇక్కడ దాచింది దేవుడేనని అనుకున్నాను.

నేను సొంతంగా మాటలు కట్టడం ఆ తొట్టిలోనే మొదలైంది. అన్నీ ఫిర్యాదులే. ‘గొంగడి కింద నలుగురం, చలి మాత్రం నాదే’ అని ఒకటి. ‘అందరి పేరూ పిలిచే గంటా, నా పేరెందుకు పిలవవు’ అని ఒకటి. నన్నెవరూ అర్థం చేసుకోరని, నేను చచ్చిపోతే తెలుస్తుందని ఒక పెద్ద పాట. ఆ పాటలో నా శవం వెనక ఊళ్ళోవాళ్ళందరినీ పేరుపేరునా ఏడిపించాను. బడి ముగించి ఊరు వదిలేదాకా, ప్రతి సాయంత్రం దీపాల వేళకు ముందు, ఆ చీకట్లో కూర్చుని పాడుకున్నాను. నా ఆల్బం పుట్టింది అక్కడ. అందుకే అన్నిమార్లు ఒక్కదాన్నే అని పాడాను.

ఇప్పుడు మళ్ళీ ఆ ఆదివారానికి వస్తాను. అత్త చెప్పింది ఇది. తొట్టి అడుగున నీళ్ళు పోవడానికి ఒక గొట్టం ఉండేది. ఆ గొట్టం గోడలోంచి బయటకు వచ్చి, చర్చి వెనక ఊరి కుళాయి దగ్గర తెరుచుకునేది. నేను లోపల గుసగుసగా పాడినా కుళాయి దగ్గర కాహళం ఊదినట్టు వినిపించేది. నేను లోపలికి దిగిన మొదటి రోజే ఊరంతా విన్నది.

‘అలగ నువ్వు తొట్టిలో కూకుని పాడతంటే, మేం కుళాయి కాడ బిందెలెట్టుకుని ఇనీవోలం. నీళ్ళు అవసరం నేకపోయినా వొచ్చీవోలం,’ అంది అత్త మైకులో.

చర్చిలో పెద్దవాళ్ళందరూ తలలు ఊపారు.  తరవాత ఒక్కొక్కరే లేచి చెప్పడం మొదలుపెట్టారు, సాక్ష్యాలు చెప్పే ఆదివారంలాగే. నా శవం వెనక ఏడ్చేవాళ్ళలో తన పేరు లేదని అలిగి, నేను ఆ పాటలో ఆమెను చేర్చేదాకా మా ఇంటికి రాని ఆవిడ లేచింది. నిజమే, ఒకరోజు ఎందుకో ఆమె పేరు కూడా చేర్చాను. మా అమ్మే మధ్యాహ్నమంతా ఆమె పేరు నా ముందు పదే పదే ఎత్తిందట. ఒకసారి తొట్టిలోకి కట్లపాము దూరితే, నేను వచ్చేలోపు నలుగురు మగవాళ్ళు కర్రలతో దిగి దాన్ని బయటకు తీశారట. నాన్న సాయంత్రం గంట కొట్టకుండానే లెక్కపెట్టి, ‘తొట్టిలో ఒకర్తి’ అని కలుపుకునేవాడట. అప్పుడు భీమయ్య మావ లేచి, వేలు నా వైపు చూపించాడు.

‘పుష్యమాసం సలిలో నన్ను గెడ్డలో ముంచినారు. తొట్టుండగా గెడ్డెందుకండీ అయ్యగారూ అనడిగితే, తొట్టిలో వార్డెనుగారి గుంట పాడతంది, దాన్నేటి లేపుతాం అన్నారు.’

ఆయన ఒక్కడే కాదు. నేను పాడిన ఏళ్ళలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళందరినీ గెడ్డలోనే ముంచారు. వాళ్ళంతా ఇప్పుడు ఒక వరసలో కూర్చుని, ఏదో యుద్ధంలో కలిసి పనిచేసినవాళ్ళలా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు తెలిసినంతవరకు గెడ్డలో బాప్తిస్మం యోర్దాను నదిని తలుచుకోవడానికి. పాస్టరుగారు మాకు అలాగే చెప్పారు.

అన్నిటికంటే పెద్ద సంగతి పెద్ద అయ్యగారిది. మిషను పనులు చూడటానికి ఆ రోజుల్లో మైదానం నుంచి, పాస్టర్లకు పైన ఉండే ఒక పెద్ద అయ్యగారు వచ్చారు. సాయంత్రం చర్చి చూపించడానికి తీసుకువెళితే, ఆయన వేదిక ముందు నిలబడగానే కాళ్ళ కిందనుంచి ఒక ఆడగొంతు, గొంగడి కింద నలుగురం, చలి మాత్రం నాదే అని పాడటం మొదలుపెట్టింది. చెక్క పలకల మధ్య నుంచి ఆ గొంతు ఎక్కడిదో తెలియకుండా వచ్చింది. పెద్ద అయ్యగారు తెల్లబోయి పాస్టరుగారి ముఖం చూశారు. పాస్టరుగారు నిజం చెబితే నేను విని లేచి వెళ్ళిపోతానని, అబద్ధం చెబితే పాపమని, ఏమీ చెప్పకుండా కళ్ళు మూసుకున్నారట. అది చూసి పెద్ద అయ్యగారు మోకాళ్ళ మీద పడ్డారు. నా పాట అయ్యేదాకా లేవలేదు. వెళ్ళిన కొద్ది రోజులకు ఆయన ఒక లారీలో హాస్టల్‌కు గొంగళ్ళు పంపించారు. నాకు ఆ గొంగళ్ళు బాగా గుర్తు. ఆ ఏడే నాకు నా సొంత గొంగడి వచ్చింది. నా ప్రార్థన ఫలించిందని అప్పుడు తొట్టిలో ఒక కృతజ్ఞతా గీతం కూడా పాడాను. దానికి కుళాయి దగ్గర అందరూ ఏడ్చారని అత్త చెప్పింది.

నేను లేచి బయటకు వచ్చేశాను. నవ్వు రాలేదు నాకు. ఈ వయసులో, ఒక్క ఆల్బం చేసి, ఇదీ నేను అని లోకానికి చెప్పుకున్నాక, అందులో ఉన్నదేదీ నాది కాదని తెలిసినట్టు అనిపించింది. నా రహస్యాలన్నీ బిందెలతో పట్టుకుపోయారు. చర్చి వెనక గోడ దగ్గర నిలబడ్డాను. కుళాయి ఉంది. గొట్టం లేదు. వేదికకు టైల్సు వేయించినప్పుడు తొట్టి పూడ్చేశారు. ఇప్పుడు ఇళ్ళల్లోకే నీళ్ళు వస్తున్నాయి గనక కుళాయి దగ్గరకు ఎవరూ రారు. పక్కనే ఒక హోంస్టే బోర్డు, దాని కింద వలిసె పూల చేనులో ఫొటోలు దిగుతున్న పట్నం జంట.

కాసేపటికి అత్త కర్ర పోటేసుకుంటూ వచ్చింది. అన్నేళ్ళూ నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

‘సెప్తే మానీసీదానివి,’ అంది.

నేను అది దొంగతనమన్నాను. ఒక మనిషికి తనదంటూ ఏదో ఒకటి ఉండాలన్నాను. రేడియోలో మాట్లాడినప్పటి మాటలే చాలా మాట్లాడాను. అత్త అంతా విని, నా చెంప మీద చెయ్యి వేసింది. అంత ముసలి చెయ్యి, ఇంకా ఉల్లిపాయ వాసనే.

‘నీకేటి తెలుసే. నిన్ను ఒక్కదాన్ని ఒగ్గీడానికి ఎంతమందిమి కావలి కాసినామో. పిల్లల్ని అటు రానివ్వక, మేకల్ని రానివ్వక, మీ నాన్నని గంట కొట్టనివ్వక. నువ్వు పాడినంతసేపూ ఊరు గమ్మునుండీది.’

నేను విశాఖలో నా ఫ్లాట్ గురించి ఆలోచించాను. అక్కడ బయటి శబ్దం రాని కిటికీలు పెట్టించుకున్నాను. నేను పాడితే గోడకు అవతలివాళ్ళకు వినిపించదు. అంతకు ముందు వర్షాల్లో జ్వరంతో పడుకుంటే, నేను ఉన్నానో లేనో ఎవరికీ తెలియలేదు. ఆ ఆల్బంలో అంత బాగుందని అందరూ మెచ్చుకున్న ఏకాంతం ఆ ఫ్లాట్‌లోది అనుకుంటాను. తొట్టిలోది అది కాదు. తొట్టిలో నాకు చలి వేసిందేమో గాని, భయం ఎప్పుడూ వేయలేదు. చీకట్లో, కప్పల మధ్య, అంత చిన్నపిల్లకు ఎందుకు భయం వేయలేదో నేను ఎన్నడూ ఆలోచించలేదు. అత్తకు ఆ మాట చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆమె, భోజనాలు చల్లారిపోతాయి బేగి రా అంటూ నడిచి వెళ్ళిపోతోంది.

చర్చి ఆవరణలో అడ్డాకుల్లో భోజనాలు పెట్టారు. తిన్నాక ఆడవాళ్ళు ఎండలో కూర్చుని, ఎవరింటివో రాజ్మా కాయలు పోసుకుని ఒలుస్తూ కబుర్లలో పడ్డారు. నన్నూ కూర్చోబెట్టి కాయలు నా ఒళ్ళో పోశారు. కొంతసేపటికి ఒకావిడ పాట ఎత్తుకుంది, మిగిలినవాళ్ళు అందుకున్నారు. చేలల్లో కలుపు తీస్తూ పాడుకునే పాటట. నా పక్కనున్న అమ్మాయిని అడిగితే, పాత పాటండీ, ఎవరిదో తెలీదు, మా అమ్మా వాళ్ళూ పాడీవోరు అంది. మంచి ఊపున్న పాట. చేతులు కాయలు ఒలుస్తూనే ఉన్నాయి, భుజాలు మాత్రం థింసా ఆటలో లాగా కదులుతున్నాయి.

మనకెవరూ లేరు కొండా, నీకైనా మబ్బుంది,
నీ మబ్బు సంతకెళితే మాతోటి నువ్వుండు.

మూడోసారి పాడుతుంటే గాని నాకు తెలియలేదు. అది నాది. తొట్టిలో కట్టి, తరవాత పూర్తిగా మరిచిపోయిన పాట. నేను కట్టినప్పుడు అది చాలా నెమ్మదిగా, ఏడుపుగా ఉండేది. ‘నాకెవరూ లేరు’ అని ఉండేది, ‘నాతోటి నువ్వుండు’ అని ఉండేది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో తెలియదు. ఇప్పుడు ముసలివాళ్ళు, కోడళ్ళు, చంటిపిల్లల తల్లులు ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, మనకెవరూ లేరని, నవ్వుతూ, గొంతెత్తి పాడుతున్నారు. భీమయ్య మావ గోడ దగ్గర నుంచి తాళం వేస్తున్నాడు.

నేనూ గొంతు కలిపాను. నాకు తెలిసిన బాణీలోనే, నెమ్మదిగా, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను. పాట ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే అందరూ నా వంకే చూస్తున్నారు.

‘అలగ కాదు,’ అంది అత్త, కాయ ఒలుస్తూనే. ‘ఇను, మేం పాడతాం. తరవాత నువ్వు పాడు.’

వాళ్ళు పాడారు. నేను విని, నేర్చుకుని, పాడాను.